వెండితెరపై స్త్రీల ఓటు హక్కు: రెండు చిత్రములు, తెరకెక్కని ఒక కథ

2015వ సంవత్సరము అక్టోబరు మాసమున, ఒక్క వారము లోపలనే, రెండు చారిత్రక చలనచిత్రములు ప్రేక్షకుల ముందునకు వచ్చినవి. ఆ నెల 9వ తేదీన తెలుగునాట విడుదలయైనది 'రుద్రమదేవి'. 12వ తేదీన బ్రిటనులో విడుదలయైనది 'సఫ్రజెట్'. మొదటిదానికి దర్శకుడును నిర్మాతయు గుణశేఖర్. రెండవదానికి దర్శకురాలు సారా గావ్రన్, కథారచయిత్రి ఏబీ మోర్గన్. ఒకటి 13వ శతాబ్దపు ఓరుగల్లు కథ, మరియొకటి 1912, 1913 సంవత్సరముల లండను కథ. ఒకదాని నాయిక సింహాసనము నధిష్ఠించిన మహారాణి. మరియొకదాని నాయిక ఆవిరి గదిలో బట్టలుతికి ఇస్త్రీ చేయు కూలిమనిషి. పైపైన చూచువారికి ఈ రెండింటికి పొత్తేమియు కానరాదు. అయినను రెండును అడుగుచున్న ప్రశ్న యొక్కటియే: రాజ్యవ్యవహారమున స్త్రీ మాటకు విలువ ఎట్లు వచ్చును?

ఈ ప్రశ్నకు మన ప్రాంతమున ఒక ప్రత్యుత్తరము కలదు. అది లండనుది కాదు, ఓరుగల్లుది కాదు. అది 1921 నాటి మదరాసు రాజధానిది. ఆ రాజధానిలో నాడు కృష్ణగిరి, హోసూరు, మత్తూరు ప్రాంతములన్నియు సేలము జిల్లాలో భాగములై యుండెను. ఆ కథ యింతవరకు వెండితెర కెక్కలేదు. ఎక్కిన రెండు కథలను పరిశీలించినచో, ఎక్కని కథ యేల యెక్కలేదో కొంత తెలియును.

మొదట మాటను గూర్చి ఒక మాట. 'సఫ్రజెట్' అను పదము గౌరవమునకై పుట్టినది కాదు. ఓటు హక్కుకై వీధులకెక్కిన స్త్రీలను ఎగతాళి చేయుటకు 1906లో లండను పత్రిక యొకటి దానిని కల్పించినది. ఆ స్త్రీలు ఆ తిట్టునే బిరుదుగా ధరించిరి, తమ పత్రికకు సైతము ఆ పేరే పెట్టుకొనిరి. తెలుగున దీనికి సరియైన పర్యాయపదము లేదు. అసలు 'ఓటు'కే మనకు సొంతమాట నిలువలేదు. హిందీవారి 'మతదానము' తెలుగున పనికిరాదు, ఏలయన మనకు మతమనగా దైవసంబంధమైన వ్యవహారము. మరి 'ఓటి' యనగా పగిలినది, కారునది. ఓటికుండలో నీరు నిలువదు. అపశకునము వంటి ఈ సామ్యమును లక్ష్యపెట్టక పల్లెప్రజలు ఓటును తమ మాటగా చేసికొనిరి. కాగితముపై ముద్రవేయు రోజులలో పుట్టిన 'ఓటు గుద్దుట' అను ప్రయోగము, మీట నొక్కు యంత్రములు వచ్చిన తరువాత కూడ వృద్ధుల నోట వినబడుచునేయున్నది.

ఇక 'సఫ్రజెట్' చిత్రము. దీనిలోని ముఖ్యమైన గుణము నాయికను ఎన్నుకొనుటలో నున్నది. ఉద్యమనాయకురాలగు ఎమ్మెలైన్ పాంక్‌హర్స్టును కథానాయికగా చేసియుండిన ఇది మహాపురుషుల జీవితచిత్రములలో మరియొకటి యయ్యెడిది. మెరిల్ స్ట్రీప్ వంటి మహానటి ఆ పాత్రను ధరించియు, ఒక మేడగవాక్షము నుండి ప్రసంగించి కొద్ది నిమిషములలో తెరమరుగగును. కథ యంతయు మాడ్ వాట్స్ అను కల్పితపాత్రది. ఆ పాత్రను కేరీ మల్లిగన్ ధరించినది. మాడ్ తల్లియు ఆ లాండ్రీలోనే పనిచేసి, అక్కడి ప్రమాదముననే మరణించినది. మాడ్ బాల్యము నుండి ఆ గోడల నడుమనే పెరిగినది. భర్త యచ్చటనే పనిచేయును. ఒక కొడుకు. ఆమెకు ఓటు అను ఆలోచనయే లేదు.

చిత్రమునందలి ఉత్తమ సన్నివేశము పార్లమెంటు భవనములో జరుగును. మంత్రి లాయిడ్ జార్జి యెదుట సాక్ష్యమిచ్చుటకు వయలెట్ అను తోటి కార్మికురాలు రావలసియుండెను. ఆమెను భర్త చావగొట్టినందున మాటలాడు స్థితిలో లేదు. ఆమె వాఙ్మూలమును చదువుటకు మాడ్ నిలుచును. చదువుట గాక, ఆమె సొంత జీవితమును గూర్చి అడుగుదురు. ఎన్నేండ్లకు పనిలో చేరినది, కూలి యెంత, మగవారి కూలి యెంత, ఒంటిపై కాలిన మచ్చలెట్టివి. ఇవన్నియు ఆమె ఎరిగినవే, కాని ఒకరు అడుగగా చెప్పుట యదే మొదటిసారి. ఓటు వచ్చిన నీకేమగునని అడిగినప్పుడు, అది వచ్చునని ఎన్నడు తలపలేదు గనుక దాని యర్థమును గూర్చియు తలపలేదని ఆమె భావము. ఉపన్యాసములు వంద చెప్పినను రాని బలము ఈ తడబాటులో నున్నది. హక్కు అనునది మొదట ఒకరు శ్రద్ధగా వినుటతో మొదలగునని ఈ ఘట్టము చూపినట్లు ఏ గ్రంథమును చూపజాలదు.

తరువాత కథ క్రమముగా బిగియును. మాడ్ జైలుకు పోవును. ఇరుగుపొరుగు నవ్వుదురు. భర్త సోనీ ఆమెను ఇంటినుండి వెడలగొట్టును. నాటి చట్టము ప్రకారము బిడ్డపై హక్కు తండ్రిదే. అతడు కొడుకును పరులకు పెంపుడిచ్చివేయును. ఇచ్చట దర్శకురాలు సోనీని రాక్షసునిగా చూపలేదు. నలుగురిలో తలయెత్తుకొనలేని సామాన్యుడు, ఒంటరిగా పిల్లవానిని సాకలేనివాడు. అతని దౌర్బల్యమునకు చట్టము ఆయుధమైనది. ఓటు లేకుండుటయనగా పెట్టెలో కాగితము వేయలేకపోవుట మాత్రమే కాదనియు, కన్నబిడ్డ యెవరి యింట పెరుగవలెనో చెప్పు చట్టమును చేయుటలో తనకు నోరు లేకుండుటయనియు ఈ సన్నివేశముతో తేటపడును. తల్లికి బిడ్డపై హక్కును గుర్తించు చట్టము బ్రిటనులో 1925లో గాని రాలేదు.

ఇంతవరకు ప్రశంస. లోపములు లేకపోలేదు. ఉద్యమముననున్న రెండు పాయలలో చిత్రము ఒక్కదానినే చూపినది. 1903లో మాంచెస్టరున పాంక్‌హర్స్టు స్థాపించిన సంఘము కిటికీ అద్దములు పగులగొట్టినది, తపాలా పెట్టెలకు నిప్పుపెట్టినది, లాయిడ్ జార్జికై కట్టుచున్న ఇంటిలో 1913లో బాంబు పేల్చినది. అయితే మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వమున అర్జీలతో, సభలతో, యాత్రలతో నడచిన సంఘమునందలి సభ్యురాండ్రే సంఖ్యలో మిక్కిలి యధికులు. వారికి ఈ చిత్రమున చోటు లేదు. 1913 జూను 4న ఎప్సమ్ గుఱ్ఱపు పందెములలో ఎమిలీ డేవిసన్ రాజుగారి గుఱ్ఱమునకు ఎదురుగా పోయి గాయపడి, నాలుగు దినములకు మరణించినది. ఆమె అంతిమయాత్ర యొక్క అసలు దృశ్యములతో చిత్రము ముగియును. కల్పితయైన మాడ్ ఆ నిజమైన స్త్రీల గుంపులో కలిసిపోవుట చక్కని ముగింపే. కాని అటుపైన ఓటు వచ్చినది 1918లో. అదియు 30 ఏండ్లు నిండి, ఆస్తి మొదలగు అర్హతలు గలవారికే. పురుషులతో సమానముగా వచ్చినది 1928లో. నడుమ ఒక మహాయుద్ధము జరిగినది. చిత్రము ఆ యేండ్లను నాలుగు వాక్యములలో దాటించినందున, నిప్పుకును ఓటుకును నేరుగా కార్యకారణ సంబంధ మున్నట్లు చూపరికి తోచును. మాడ్ వంటి కూలిస్త్రీకి 1918లో ఓటు వచ్చెనా యని ఆలోచించినవారికి, రాకపోవుటకే యెక్కువ అవకాశమని తెలియును. చిత్రము ఈ చేదును మింగించుటకు సాహసింపలేదు.

రెండవ లోపము మనకు సంబంధించినది. 1911 జూనులో లండను వీధులలో జరిగిన మహాయాత్రలో చీరలు కట్టిన భారతస్త్రీల బృందముండెను, ఛాయాచిత్రము కూడ కలదు. పంజాబు మహారాజు దులీప్ సింగు కుమార్తె సోఫియా దులీప్ సింగ్ 1910 నవంబరు 18న పార్లమెంటుపైకి నడచిన ప్రతినిధివర్గములో పాంక్‌హర్స్టుతో కూడ నుండెను. 1913లో హాంప్టన్ కోర్టు రాజభవనము ఎదుట నిలిచి ఉద్యమపత్రిక నమ్మినది. ఓటు లేనివారు పన్ను కట్టనక్కరలేదని తెగించి జరిమానాలకు గురియైనది. చిత్రములో ఈమె జాడ లేదు. కూలిస్త్రీని కథానాయిక చేసితిమి గనుక రాకుమారికి చోటులేదనుట ఒక సమాధానమే. కాని లండనులోని ఆ లాండ్రీలో ఉతికిన నూలుబట్టల వెనుక ఒక సామ్రాజ్యము కలదు. ఆ సామ్రాజ్యపు నీడ యొక్కసారియైనను తెరపై పడకుండుట పరిశోధనలోపము గాదు, దృష్టిలోపము.

'రుద్రమదేవి' చిత్రమునకు వత్తము. ఇది భారీ నిర్మాణము. త్రీడీ విధానము, ఇళయరాజా సంగీతము, తోట తరణి కళాదర్శకత్వము, రుద్రమగా అనుష్క, గణపతిదేవునిగా కృష్ణంరాజు, శివదేవయ్యగా ప్రకాశ్‌రాజ్, చాళుక్య వీరభద్రునిగా రానా. గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్ తెలంగాణపు యాసలో పలికిన మాటలు థియేటర్లలో ఎక్కువ చప్పట్లు పొందినవి. చప్పట్లు రాణికి గాక గజదొంగకు దక్కుట చిత్రమునకు మేలో కీడో ఆలోచింపదగినదే. ఈ గన్నారెడ్డి కథకు అడివి బాపిరాజు నవల మన పాఠకలోకమున ఎప్పుడో ప్రాచుర్యము తెచ్చినది. రుద్రమపైన నోరి నరసింహశాస్త్రి నవలయు నున్నది. తెలుగు పాఠకునికి ఈ రాణి కొత్తది కాదు.

చిత్రకథలోని కీలకము ఇది: మగసంతానము లేని గణపతిదేవుడు, మంత్రి సలహాపై, పుట్టిన ఆడబిడ్డను కొడుకని చాటించి రుద్రదేవుడని పెంచును. ముక్తాంబ యను కన్యతో 'అతనికి' వివాహము సైతము జరుగును. గుట్టు బయటపడినప్పుడు స్త్రీపాలన చెల్లదని తిరస్కారము పుట్టును. శత్రువు మీదికి వచ్చిన వేళ మరల ఆమెయే దిక్కగును. చివరకు దేవగిరి యాదవ మహాదేవునిపై విజయము.

చరిత్ర చెప్పునది దీనికంటె సరళమైనది, ఒక విధముగా దీనికంటె ఆశ్చర్యకరమైనది. రుద్రమ 1262 మొదలు 1289 వరకు పాలించినట్లు చరిత్రకారులు నిర్ణయించిరి. శాసనములలో ఆమె 'రుద్రదేవ మహారాజు'. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. 'రాయగజకేసరి' ఆమె బిరుదు. ఆమె స్త్రీయని లోకమునకు తెలియకుండెననుటకు ఆధారము లేదు. పెండ్లాడి, కుమార్తెలను కని, మనుమని దత్తుచేసికొన్న రాణి స్త్రీత్వము ఎట్లు దాగును? మోటుపల్లి రేవునుండి పోయిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో సైతము ఈ దేశమును ఒక రాణి న్యాయముగా ఏలుచున్నదని వ్రాసినాడు. అనగా అందరికి తెలిసియే, శాసనములలో మాత్రము పురుషనామము నడిచినది. రహస్యమును దాచుట కంటె, రహస్యము కానిదానికి ముసుగు వేయుట విచిత్రమైనది. అధికారమును స్త్రీ వహింపవచ్చును, అధికారపు పేరు మాత్రము మగదై యుండవలెను. చిత్రము ఈ సత్యమును విడిచి, పుట్టుకనాటి రహస్యమను పాతబాణీని పట్టుకొన్నది. రహస్యము బయటపడు ఘట్టమున ఉత్కంఠ వచ్చునే గాని, ప్రశ్న పోవును. ముక్తాంబ పాత్రకు చిత్రము మరికొంత నిడివినిచ్చియుండిన ఆ ప్రశ్న మిగిలియుండెడిది. రాజ్యరహస్యమునకు అందరికంటె ఎక్కువ వెల చెల్లించినది ఆ అమాయకురాలు. నిత్యా మీనన్ దొరికిన కొద్దిపాటి సన్నివేశములలో దీనిని గ్రహించి నటించినది.

రుద్రమ మరణమును గూర్చి మనకు తెలుపునది నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము. 1289 నాటిది. దానిని వేయించినవాడు రాజు కాడు, సామంతుడు కాడు. ఆమెతో పాటు మరణించిన సేనాని మల్లికార్జుననాయకుని సేవకుడు, పువ్వుల ముమ్మడి యనువాడు. ఏబీ మోర్గన్ వంటి రచయిత్రికి ఈ శాసనము దొరికియుండిన, రాణికథను ఆ సేవకుని కన్నులతో చెప్పియుండెడిది. తెలుగు చిత్రకారులకు అట్టి ఊహ రాలేదు. మన చారిత్రక చిత్రములలో సామాన్యుడు జయజయధ్వానములు చేయుటకే పుట్టును.

ఇంతకును రుద్రమది ఓటు కథ కాదని యెవరైన అనవచ్చును. నిజమే. ఆమెకు అధికారము వచ్చినది జన్మచేత. తెలుగు చలనచిత్రము స్త్రీని రాజకీయములలో చూపదలచినప్పుడు రాణి కడకు పరుగెత్తుటయే ఇచ్చట విచార్యాంశము. సాంఘికముల త్రోవ వేరు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము 'మాలపిల్ల' తీసెను, 1939లో 'వరవిక్రయం' వచ్చెను, 1940లో బి.ఎన్. రెడ్డి 'సుమంగళి' తీసెను. అస్పృశ్యత, కట్నము, వైధవ్యము. మూడింటను స్త్రీయే కేంద్రము. కాని మూడింటను ఆమె సంస్కరింపబడవలసిన సమస్య. 1939 నాటి 'రైతుబిడ్డ'లో ఎన్నికయు కలదు, ఓటును కలదు, జమీందారుల యాగ్రహమును ఆ చిత్రము చవిచూచినది. అది రైతు ఓటు. రైతు భార్య ఓటు దాని సమస్య కాదు. అప్పటికి మదరాసు రాజధానిలో స్త్రీలకు ఓటు హక్కు వచ్చి పదునెనిమిదేండ్లు.

ఆ హక్కు వచ్చిన తీరు ఎట్టిది? అందులో నాటకీయత లేదా? కావలసినంత కలదు. మార్గరెట్ కజిన్స్ ఐర్లండు దేశస్థురాలు. ఓటు ఉద్యమములో 1910లో లండనులో జైలుకు పోయినది. 1913 ఆరంభమున డబ్లిను కోటలో కిటికీ అద్దములు పగులగొట్టి మరల జైలుకు పోయి, నిరాహారదీక్ష చేసినది. అనగా 'సఫ్రజెట్' చిత్రములో మాడ్ నడచిన కాలముననే, మాడ్ చేసిన పనులనే ఈమె నిజజీవితమున చేసినది. 1915లో భర్తతో భారతదేశమునకు వచ్చి, కొంతకాలమునకు మదనపల్లెలో స్థిరపడినది. భర్త జేమ్స్ కజిన్స్ అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడు. 1919లో రవీంద్రుడు ఆ కళాశాలకు విచ్చేసినప్పుడు 'జనగణమన'కు స్వరలిపి కూర్చుటలో ఈమె పాలుపంచుకొన్నది. ఈ సంగతి చాలమందికి తెలియును. లండను కారాగారమునుండి వచ్చిన ఓటు ఉద్యమకారిణి తెలుగు పల్లెసీమలో పాఠములు చెప్పినదన్న సంగతి అంతగా తెలియదు.

1917 మే నెలలో అడయారున భారత స్త్రీ సంఘము ఏర్పడినది. అనీబిసెంటు అధ్యక్షురాలు, డొరొతీ జినరాజదాసు, మార్గరెట్ కజిన్స్ ముఖ్యనిర్వాహకులు. ఆ సంఘపు పత్రిక 'స్త్రీధర్మ' ఇంగ్లీషుతో పాటు అరవము, తెలుగు, హిందీ భాషలలోను వ్యాసములను ప్రకటించెడిది. ఆ యేడు భారతమంత్రి మాంటేగు దేశపర్యటనకు వచ్చినాడు. స్త్రీవిద్యను గూర్చి విన్నవించుకొందుమని కజిన్స్ దరఖాస్తు చేసికొనగా, రాజకీయ విషయములపై వచ్చు వర్గములకే దర్శనమని జవాబు వచ్చినది. అయినచో రాజకీయమే అడుగుదమని ఓటును చేర్చి మరల దరఖాస్తు పెట్టిరి. దరఖాస్తు నిబంధనలోని చిక్కు వలన ఒక దేశపు స్త్రీల రాజకీయకోరిక మొట్టమొదట కాగితమెక్కుట! ఏ నాటకకర్తకు తోచును ఇట్టి మలుపు? 1917 డిసెంబరు 18న మదరాసులో సరోజినీనాయుడు నాయకత్వమున ప్రతినిధివర్గము మాంటేగును కలిసికొన్నది. సరోజిని వంగదేశపు తల్లిదండ్రులకు హైదరాబాదున పుట్టి, ముత్యాల గోవిందరాజులు నాయుడను తెలుగువైద్యుని పెండ్లాడినది. 1898లో మదరాసున ఆ వివాహమును జరిపించినవాడు కందుకూరి వీరేశలింగము. అనగా స్త్రీని సంస్కరణకు పాత్రురాలిగా చూచిన తరము నుండి, స్త్రీ తానే వాదించు తరమునకు మధ్య వంతెన ఒక పెండ్లిపందిటిలోనే పడినది.

ఆ తరువాత నిరాశ. ఓటర్ల అర్హతలను నిర్ణయించుటకు వచ్చిన సౌత్‌బరో సంఘము, ఈ దేశమింకను స్త్రీల ఓటునకు సిద్ధముగా లేదన్నది. 1919 చట్టము నిర్ణయమును రాష్ట్ర శాసనసభలకు వదలినది. 1921 ఏప్రిల్ 1న మదరాసు శాసనసభ స్త్రీల అనర్హతను తొలగించు తీర్మానమును ఆమోదించినది. బ్రిటిషు ఇండియాలో అట్లు చేసిన మొదటి రాష్ట్రము మదరాసే. అదే యేడు కొద్ది నెలలకు బొంబాయి అనుసరించినది. డబ్లినులో అద్దములు పగులగొట్టిన చేయి మదరాసున కలము పట్టినది, ఒక్క కిటికీయు పగులకుండ పని జరిగినది.

ఏల యింత సులభమైనది? పురుషుల ఔదార్యమనుట ఇంపుగా నుండును. జాతీయనాయకుల అనుకూలతయు నిజమే. 1918లో బొంబాయి కాంగ్రెసు ప్రత్యేకసభ స్త్రీల ఓటును సమర్థించినది. కాని మరియొక కారణము మరువరాదు. ఓటు అందరికిని కాదు, నిర్ణీతమైన భూమిశిస్తో పన్నో చెల్లించువారికే. నాటి హిందూ కుటుంబములలో పట్టా స్త్రీ పేర ఉండుట బహు అరుదు. తలుపు తెరచిరి గాని, గడప దాటగలవారు కొందరే. సేలము జిల్లా పల్లెలలో తన పేర భూమి గల వితంతువో, మగదిక్కులేని ఇంటి పెద్దో ఆ గడప దాటియుండును. ఆమె యింటిలో మాటలాడినది తెలుగో, అరవమో, కన్నడమో, శాసనసభ అడుగలేదు. శిస్తు రసీదు నడిగినది. 1935 చట్టము భర్త అర్హతను బట్టి భార్యకును, చదువును బట్టి స్త్రీకిని ఓటునిచ్చి, సంఖ్యను సుమారు 60 లక్షలకు పెంచినది. భర్త పేరుతో వచ్చిన ఓటు! రుద్రదేవ మహారాజు శాసనములకు ఇది దూరపు చుట్టమే.

1926లో ముత్తులక్ష్మీరెడ్డి మదరాసు శాసనసభకు నియమింపబడి, మరుసటి యేడు ఉపాధ్యక్షురాలైనది. తెలుగింటి కోడలు ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశం మంత్రివర్గమున మంత్రిణియైనది. దుర్గాబాయి రాజ్యాంగసభలో కూర్చుండినది. వీరి జీవితములలో ఒక్కొక్కటి ఒక చిత్రమునకు చాలును. అయినను చిత్రింపదగినది అంతకంటె చిన్నదైన ఒక సంగతి. 1951-52 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు వ్రాయుచున్నప్పుడు, ఉత్తరదేశమున లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యననియు, ఫలానివాని తల్లిననియు వ్రాయించుకొనిరి. సొంతపేరు లేని నమోదు చెల్లదని ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుపట్టెను. సుమారు 28 లక్షల పేర్లు కొట్టివేయబడినవి. హక్కు చేతికి వచ్చిన తరువాత పేరు లేనందున పోగొట్టుకొన్నవారు వీరు. మాడ్ వాట్స్ కథకు కన్నీరు కార్చిన ప్రేక్షకునికి ఈ 28 లక్షలమంది కథ తెలియదు. దీనికి బాంబు లేదు, గుఱ్ఱము లేదు, జైలు లేదు. ఒక అరుగు, ఒక గుమాస్తా, తలుపు చాటున ఒక స్త్రీ, అంతియే. తెరకు ఇది చాలదని మన నిర్మాతలు తలచిరేమో. చాలునని పార్లమెంటులో తడబడిన మాడ్ సన్నివేశమే సాక్ష్యము.

పేరుకును అధికారమునకును గల ఈ పొంతనలేమి పోయినదా? తమిళనాడు స్థానికసంస్థలలో స్త్రీలకు సగము స్థానములు కేటాయించు సవరణ 2016లో వచ్చినది. పల్లెలలో ప్రెసిడెంటమ్మలున్నారు. వారిలో గట్టివారును కలరు. కాని కొన్నిచోట్ల ప్రెసిడెంటమ్మ మగడే ప్రెసిడెంటు అను హాస్యోక్తి మూడు భాషలలోను వినవచ్చుచున్నది. కాకతీయుల నాడు పాలన ఆడది, పేరు మగది. ఈనాడు ఆ కొన్నిచోట్ల పేరు ఆడది, పాలన మగది. గుణశేఖర్ చిత్రమును ఈ దృష్టితో మరల చూచిన, కిరీటము ధరించిన ఘట్టము కంటె, మగపేరును విడువవలసిన ఘట్టమే గుండెకు తగులును.

'సఫ్రజెట్' చివర దేశముల పేర్లును, ఆయా దేశములలో స్త్రీలకు ఓటు వచ్చిన సంవత్సరములును తెరపై పైకి సాగిపోవును. ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క సంవత్సరము. మన దేశమును అట్లు ఒక్క యంకెలో ఇముడ్చుట సాధ్యము కాదు. 1921లో మదరాసు ఆస్తిపరురాలికి ఒకటి, 1935 చట్టముతో చదువుకొన్నదానికి, అర్హుని భార్యకు ఒకటి, 1950 రాజ్యాంగముతో నిరుపేద కూలిస్త్రీకి ఒకటి, పేరు చెప్పనందున కొట్టివేయబడినదానికి మరియొకటి. ఆ పట్టికను తయారుచేసినవారిని తప్పుపట్టి లాభము లేదు. పట్టికను పూరింపవలసిన చిత్రము మన దగ్గర తయారుకాలేదు.

అట్టి చిత్రమును తీయ సాహసించువానికి మొదట ఎదురగునది భాషాసమస్య. అడయారు సభలో ఇంగ్లీషు, అరవము, తెలుగు కలగలిసి వినబడియుండును. మదనపల్లెలో తెలుగు, ఐర్లండు యాసతో ఇంగ్లీషు. సేలము జిల్లా కచేరీలో అరవము. ఏ భాషలో తీయవలెను? ఒక్క భాషలో తీసి తక్కినవానిలోనికి అనువదించుట నేటి వాడుక. 'రుద్రమదేవి' అరవమునకు అట్లే మారినది. కాని కృష్ణగిరి, హోసూరు పల్లెలలోని స్త్రీని నాయికగా చేసినచో ఈ చిక్కు దానంతటదే విడిపోవును. ఇంటిలో బిడ్డను తెలుగున లాలించి, సంతలో అరవమున బేరమాడి, మేలగిరికి ఆవలి బంధువులతో కన్నడమున కుశలమడుగు తల్లులు ఈ సీమలో ఇప్పటికిని కలరు. శిస్తు రసీదును కొంగున ముడివేసికొని, 1923 ఎన్నికల దినమున కచేరీ మెట్ల కడ నిలిచిన ఒక రైతు వితంతువు నోట గుమాస్తా పేరడిగినప్పుడు ఏ భాషలో జవాబు వచ్చునో, ఆ చిత్రపు మొదటి మాట అదియే.